కింది పళ్లు రెండూ, గుడాకూ

ఈమధ్య అద్దం చూసుకోవడం బాగా తగ్గించాను. రోజుకు నాలుగైదుసార్లే. పోయిన ఏడాది వేసవిలో అయితే అద్దం, స్టీలు పళ్లెం, ఆటో పక్కనుండే అద్దం, ఫోను, ఏది దొరికితే దాని ముందు కింది పెదవి లాగి పట్టుకుని నిలబడేదాన్ని. "పెదవి సాగిపోద్ది, ఒగ్గీ" అని, వదిలెయ్యమని మా ఆయన తిట్టేవాడు. ఇప్పుడు చిగురు నిలబడిందని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి ధైర్యం చేసి రాస్తున్నాను. కుదురుగా కూర్చోవడం నాకు ఇంకా అలవాటు కాలేదు. ఇంతవరకు రాయడానికే రెండుసార్లు లేచాను.

నా పేరు రత్నం. విజయనగరం దగ్గర పల్లెలో పదో తరగతి దాకా చదివి, పెళ్లయి జంషెడ్‌పూర్ వచ్చాను. ఇరవై మూడేళ్లయింది. సోనారిలో ఉంటాం. మా ఆయన కాంట్రాక్టు ఫిట్టరు. నేను గమ్హరియాలో ఒక షెడ్డులో ఫ్యాక్టరీ కూలీల చేతి గ్లౌజులు కుడతాను. ఇంట్లో మా అత్త అప్పలనర్సమ్మ, పదకొండో తరగతి చదివే మా పూజ ఉన్నారు. పూజకు మా తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది.

మార్చి

మొదట చల్లనీళ్లు పగబట్టాయి. కుండలో నీళ్లు నోట్లో పడగానే కింది ముందుపళ్ల దగ్గర జివ్వుమని లాగేది, ఆ లాగుడు చెవి దాకా పోయేది. వేసవి వస్తే అందరికీ ఉండేదే అనుకున్నాను. ఆ తర్వాత మావాళ్ల పెళ్లిలో పూజ ఒక ఫోటో తీసింది. నేను నోరంతా తెరిచి నవ్వుతున్నాను. పిల్ల ఆ ఫోటోను వేళ్లతో పెద్దది చేసి, "మమ్మీ, ఆప్‌కే దాంత్ లంబే హో గయే క్యా?" అంది, పళ్లు పొడుగయ్యాయా అని.

నలభై మూడేళ్లకు పళ్లెక్కడ పెరుగుతాయి? చిగురు దిగిపోయింది. కింది ముందుపళ్లు రెండింటికీ మొదళ్ల దాకా పసుపు రంగు బయటపడింది. నాలుకతో నెడితే ఒకటి కదిలినట్టే ఉంది. ఆ రోజు నుంచి నాలుకకు వేరే పని లేకుండా పోయింది. కుడుతున్నా, కూర తరుగుతున్నా, ఆటోలో కూర్చున్నా అక్కడికే పోయి నెట్టి చూసేది. నెట్టితే ఇంకా కదులుతుందని భయం, నెట్టకపోతే ఊడిపోయిందేమోనని భయం.

మా అమ్మకు నలభై ఐదేళ్లకే ముందుపళ్లు లేవు. నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకునేది. కొన్నాళ్లకు ఆ అడ్డం పెట్టుకోవడం ఎందుకని నవ్వడమే మానేసింది. నేను నవ్వే మనిషిని. షెడ్డులో మిషన్ల చప్పుడు మీద నా నవ్వు వినపడుతుందని అందరూ ఏడిపిస్తారు. ఆ రెండు పళ్లూ పోతే అమ్మలా అయిపోతానని, నా భయమంతా అది. ఎవరితోనూ అనలేదు, ఇక్కడ అంటున్నాను.

సోనారిలో పళ్ల డాక్టరు గార పట్టిందంతా గీకి శుభ్రం చేశాడు. ఒక వారం చూసి, ఇది శుభ్రంతో ఆగేది కాదు, సాక్చీలో చిగుళ్లకు వేరే డాక్టరమ్మ ఉంది, అక్కడికి వెళ్లమన్నాడు.

ఏప్రిల్

సాక్చీ క్లినిక్కు రెండో అంతస్తులో ఉంది. కింద గిన్నెల టోకు దుకాణం. అక్కడ ఎవరో బేసిన్ల దొంతర కింద పెట్టినప్పుడల్లా పైన వరండాలో దవడలు పట్టుకుని కూర్చున్న మేమంతా ఒక్కసారి ఉలిక్కిపడి మూలిగేవాళ్లం. నవ్వొచ్చేది కూడా. నా పక్కన ఒక సర్దార్‌జీ ముసలాయన, బుగ్గ ఇంత లావున వాచిపోయి ఉన్నా, నేను పదిసార్లు లేచి కూర్చోవడం చూసి తన వంతు నాకిచ్చి "వెళ్లు బేటీ, నీ కంగారు చూస్తే నా నొప్పి పెరుగుతోంది" అన్నాడు. ఆయన మేలు మరిచిపోను.

డాక్టరమ్మ వయసులో నాకంటే చిన్నది. హిందీలో నెమ్మదిగా చెబుతూ కాగితం మీద బొమ్మ గీసింది. పక్కన చిగురు దండిగా ఉంటే దాన్నే కోసి జరిపి కప్పుతారట. కొందరికి చిన్న కన్నం పెట్టి లోపలి నుంచి చిగురును వదులు చేసి లాగుతారట. లోపల ఎముక కరిగినవాళ్లకు ఎముక పొడి, పల్చటి పొర పెట్టి మూస్తారట. నాకు అవేవీ కుదరవు. పక్కన చిగురు కూడా పల్చబడిపోయింది. కాబట్టి అంగిట్లోంచి చిన్న ముక్క తీసి పళ్ల కింద కుట్టాలి.

"అతుకు వేస్తారన్నమాట" అన్నాను. గ్లౌజు బొటనవేలి సందున మేం రోజూ వేసేది అదే.

ఆమె నవ్వింది. "అతుకే. గుడ్డకు రక్తం అక్కర్లేదు, దీనికి కావాలి. మొదటి వారం కింది నుంచి రక్తం అందితేనే ముక్క బతుకుతుంది. తంబాకు అలవాటుంటే రక్తం సరిగా అందదు. మీకేమైనా ఉందా?"

ముందే నాతో ఒక ఫారం నింపించారు. అందులో సిగరెట్టు, బీడీ, ఖైనీ, గుట్కా అని వరసగా రాసి పక్కన గడులున్నాయి. అన్నిటికీ లేదని టిక్కు పెట్టాను. గుడాకు అందులో లేదు.

ఈ ఊరి సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి. గుడాకంటే పొగాకు, బెల్లపు మడ్డి కలిపి నూరిన నల్లటి ముద్ద. చిన్న డబ్బాలో వస్తుంది. పొద్దున్నే చూపుడువేలితో కొంచెం తీసి చిగుళ్లకు రుద్ది, కాసేపు అలాగే ఉంచి ఉమ్మేస్తారు. తల తేలికవుతుంది, కడుపు కదులుతుంది. మా బస్తీలో ఆడవాళ్లు చాలామందికి అది పళ్లు తోముకోవడం కిందే లెక్క. ఖైనీ మగాళ్లది, గుట్కా తిరుగుబోతులది, గుడాకు మాత్రం సంసారుల మంజనం, పళ్లపొడి. నేను కొత్తకోడలిగా వచ్చినప్పుడు పన్ను సలిపితే మా అత్తే నా వేలి మీద ఇంత పెట్టింది. "రుద్దే, నొప్పి దిగిపోద్ది." దిగింది. అప్పట్నుంచి రోజూ పొద్దున్న పెరట్లో కుళాయి దగ్గర అత్తా నేనూ రెండు పీటలు వేసుకుని కూర్చునేవాళ్లం. బస్తీ కబుర్లన్నీ అక్కడే. అత్తాకోడళ్ల పోట్లాటలు మిగతా రోజంతా ఉండేవి గానీ ఆ కాసేపు మాత్రం ఇద్దరం స్నేహితులం.

అందుకని గుడాకు మాట తట్టలేదా అంటే, అది సగమే నిజం. డాక్టరమ్మ అడిగినప్పుడు గుండె దడదడలాడింది. తట్టకపోతే ఎందుకు కొట్టుకుంటుంది? తినేది కాదు, ఉమ్మేసేది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అంతటితో ఊరుకోకుండా "దారం పళ్లతో కొరుకుతాను మేడమ్, అదే నా తప్పు" అని వేరే తప్పు ఒప్పుకున్నాను. అదీ నిజమే. ఆమె పాపం నమ్మి, దారం కొరకొద్దని పెద్ద అక్షరాలతో రాసిచ్చింది. తోడొచ్చి పక్కనున్న మా ఆయన గోడమీది పళ్ల బొమ్మ చూస్తూ నిలబడ్డాడు.

మే

ఆపరేషను అంటే భయపడేవాళ్లకు ఒక మాట. సూది పొడిచినప్పుడు నొప్పి, ఆ తర్వాత లాగుడే తప్ప నొప్పి తెలియదు. దారం పెదవి మీదుగా జారడం మాత్రం తెలిసింది. నేను కుట్టే మనిషిని కదా, ఎన్ని కుట్లు పడుతున్నాయో కళ్లు మూసుకుని చెప్పగలను. మత్తు దిగాక అతికించిన చోటికంటే ముక్క తీసిన అంగిలి ఎక్కువ బాధపెట్టింది. వేడి పిజ్జా తిని కాల్చుకున్నట్టుంటుందని నర్సు చెప్పింది. పిజ్జా సంగతి నాకు తెలియదు, వేడి ఉలవచారు సంగతి తెలుసు.

మాట్లాడకూడదు, నవ్వకూడదు, పెదవి లాగి చూడకూడదు. చల్లటి గంజి, పెరుగు, అంతే. షెడ్డులో నా పక్క మిషను ఫూల్‌మణి దీదీ, సంతాలీ ఆమె, పని దిగాక రెండు బస్సులు మారి సోనారి వచ్చింది. స్టీలు సీసాలో, వేయించిన శనగల పిండి పల్చగా కలిపిన చల్లటి సత్తు తెచ్చింది. నేను మాట్లాడకూడదని తెలిసి తనూ ఏమీ మాట్లాడలేదు. మంచం మీద గుట్టగా పడి ఉన్న బట్టలన్నీ మడతపెట్టి, నా తల నిమిరి వెళ్లిపోయింది.

మూడో రోజు నుంచి కాలుగాలిన పిల్లినైపోయాను. వంటింట్లోంచి గుమ్మానికి, గుమ్మంలోంచి పెరటికి. తల దిమ్ము, కడుపు బిగదీత, పూజ గ్లాసు కింద పెట్టినా చిరాకు. మందుల వల్ల అనుకున్నాను. మందుల వల్ల కాదని, కోసిన రోజు నుంచి గుడాకు ముట్టని నా వేలికి తెలుసు. పొద్దున్న అత్త ఒక్కతే కుళాయి దగ్గర కూర్చుంటే నేను గడపలో నిలబడి చూసేదాన్ని. ఆరో రోజు వెళ్లి నా పీట మీద కూర్చున్నాను.

"పేణం కొట్టుకుంతందేటే?" అంది అత్త.

తలూపాను.

"ఆ కోసిన కాడ ఒద్దు. ఎనక, పైని రవ్వంత పెట్టు. ఏటవుద్ది?"

పెట్టుకున్నాను. తల తేలికైంది, ప్రాణం లేచి వచ్చింది. ఏడో రోజూ పెట్టుకున్నాను, ఎనిమిదో రోజూ పెట్టుకున్నాను. ఉమ్మి నోరంతా తిరుగుతుందనే సంగతి తెలియనిదాన్ని కాదు.

తొమ్మిదో రోజుకు అతుకు బూడిదరంగుకు తిరిగింది. మొదట్లో పైపొర అలా అవుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది కాబట్టి ఆశగా ఉన్నాను. కుట్లు విప్పడానికి వెళ్తే ఆమె దూదితో తుడిచింది, ముక్క దూదితోపాటు వచ్చేసింది. కింద మళ్లీ అవే రెండు పొడుగు పళ్లు.

ఆమె చేతి తొడుగులు తీసేసి నా పక్కన స్టూలు మీద కూర్చుంది. "నా చేతిలోనే ఏదో పొరపాటు జరిగి ఉంటుంది. ముక్క పల్చగా తీశానేమో. మన్నించండి" అంది.

ఆమె నన్ను తిట్టి ఉంటే ఎంత బాగుండేది! తేలుకుట్టిన దొంగలా కూర్చున్నాను. పర్వాలేదు మేడమ్ అని కూడా అన్నాను. ఆ "పర్వాలేదు" గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

జూన్, జూలై

అంగిలి పూడితే గానీ రెండోసారి కోయడానికి వీల్లేదు. ఆ వానాకాలం ఇంట్లో అందరి మీదా పడ్డాను. డాక్టరు చెడగొట్టిందని అత్త బస్తీ అంతా చెప్పింది. నేను వద్దనలేదు. షెడ్డులో ఒకామె ఆ క్లినిక్కుకు వెళ్దామనుకుని, నా సంగతి విని మానేసింది. అప్పుడు కూడా నోరు విప్పలేదు.

ఒకరోజు మా ఆయన డ్యూటీకి టిఫిను కట్టుకుంటూ అన్నాడు. "డాక్టరమ్మకి సెప్పేద్దుమేటే?"

"ఏటి సెప్పమంటావు? అది తంబాకేటి? మంజనం."

ఆయన అలమారాలోంచి డబ్బా తీసి నా ముందు పెట్టాడు. దాని మీద పుండుపడి కుళ్లిన నోటి బొమ్మ, కింద హిందీలో తంబాకు అని ఇంత అక్షరాలు. ఇరవై ఏళ్లకు పైగా రోజూ ఆ బొమ్మ మీద బొటనవేలు ఆనించే మూత తీశాను. చూడలేదని చెప్పను. చూసి, అది వేరే ఎవరి నోరో అనుకున్నాను.

"నా సేత ఖైనీ మానిపించినప్పుడు నువ్వెన్ని మాటలన్నావే" అన్నాడాయన, వెళ్లిపోతూ.

ఆగస్టు

రెండోసారి మాట్లాడడానికి వెళ్లిన రోజు మా ఆయనకు డ్యూటీ. పూజ తోడొచ్చింది. డాక్టరమ్మ ముందు నా పాత ఫారం ఉంది. షుగరు పరీక్ష చేయిద్దాం, రక్తం పరీక్ష చేయిద్దాం, కారణం దొరక్కుండా ఇంకోసారి కోయడం నాకిష్టం లేదు అంది. మళ్లీ అడిగింది. "తంబాకు అలవాటు లేదు కదా?"

లేదు మేడమ్ అనడానికి నోరు తెరిచాను. తెరిచాను కూడా, మాట వచ్చేలోపే పూజ అంది.

"గుడాకు కర్తీ హై. బహుత్ సాల్ సే. దాదీ భీ."

ఎన్నో ఏళ్లుగా పెట్టుకుంటుంది, నానమ్మ కూడా, అని. నాకు చెవులు వేడెక్కిపోయాయి. డాక్టరు దగ్గర, వకీలు దగ్గర దాపరికం పనికిరాదని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. కానీ కన్నకూతురు అలా పరాయివాళ్ల ముందు బట్టలిప్పినట్టు చెప్పేస్తే కోపం రాకుండా ఎలా ఉంటుంది? దాని మోచెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాను. పిల్ల చెయ్యి విడిపించుకోలేదు. నా వైపు చూడకుండా డాక్టరమ్మనే చూస్తూ ఇంకో మాట అంది.

"మై భీ."

నేను కూడా, అని.

కింద గిన్నెలు దబ్బున పడ్డాయి. ఎవరం ఉలిక్కిపడలేదు. నా చెయ్యి దాని మోచేతి మీద నుంచి దానంతటదే జారిపోయింది. నా పళ్లు రెండూ అప్పుడే ఊడి ఒళ్లో పడినా అంత ఇది అయ్యేదాన్ని కాదు.

డాక్టరమ్మ గొప్ప మనిషి. నన్ను ఒక్క మాట అనలేదు. కుర్చీలోంచి నన్ను లేపి, "ముందు నువ్వు కూర్చో" అని పూజను కూర్చోబెట్టింది. లైటు వేసి, చిన్న అద్దంతో పన్ను పన్నూ చూసింది. అంతసేపూ నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. నా చిగురు సంగతి ఆ క్షణం నుంచి నాకు గుర్తు లేదు. "ఒకచోట తోలు రంగు మారింది. చిగురు ఇంకా దిగలేదు. ఇవాళే మానేస్తే ఏమీ కాదు" అంది. నా ఫారం తీసుకుని, గుట్కా కింద ఖాళీలో పెన్నుతో గుడాకు అని రాసి గడి గీసి, నా చేతికిచ్చింది. నేను టిక్కు పెట్టాను. "అప్పుడు మీ చేతి పొరపాటు కాదు మేడమ్" అన్నాను.

ఇంటికొచ్చి అత్తకు చెప్పాను. అరుస్తుందనుకున్నాను. ఆవిడ పీట మీద కూర్చుని తన వేలు చూసుకుంది.

"పూజ గుంటకి నానియ్యనేదే. నీకైతే నానే ఇచ్చినాను."

"నాను తీసుకున్నాను కదా అత్తా."

"తీసుకున్నావు. ఇచ్చింది నానే కదేటి."

అక్టోబరు

రెండు నెలలు మానితేనే కత్తి పడతానని డాక్టరమ్మ షరతు. ఆ రెండు నెలలూ నేనూ పూజా ఒకరి మీద ఒకరు పడి అరుచుకున్నాం. లవంగం బుగ్గన పెట్టుకున్నాం, సోంపు నమిలాం, ఒక పొద్దున ఇద్దరం వాకిట్లో ఏడ్చాం. అత్త మానలేకపోయింది. డెబ్బై ఏళ్ల మనిషి. కాకపోతే మా ఇంట్లో డబ్బా ఉంచలేదు. పొద్దున్నే లేచి రెండిళ్ల అవతల చెల్లెలి వరస ఆవిడ పెరట్లోకి వెళ్లి వస్తోంది. తిరిగొచ్చి మాకు దూరంగా కూర్చుంటుంది. మా కబుర్లు పోయాయి. ఆ బాధ ఏ ఆపరేషనుతోనూ పోయేది కాదు.

ఈసారి అంగిలి రెండో పక్క నుంచి ముక్క తీశారు. అదే సలుపు, అదే గంజి. పదో రోజు డాక్టరమ్మ దూదితో తుడుస్తుంటే కళ్లు గట్టిగా మూసుకున్నాను. "తెరవండి, మీ అతుకు పట్టింది" అంది. గులాబీ రంగు ముక్క, చుట్టూ చిన్న గీత. మొదళ్లు మొత్తం కప్పలేదు, కొంచెం పసుపు ఇంకా కనబడుతుంది. అంతకుమించి రాదని ముందే చెప్పింది. పన్ను మాత్రం నాలుకతో నెట్టినా కదలడం లేదు.

ఫిబ్రవరి

చిగురు దిగుతోందని తెలిస్తే ఆలస్యం చేయకండి, అన్ని ఆపరేషన్లూ అందరికీ కావు, మీకేది కుదురుతుందో అడిగి తెలుసుకోండి. అడిగినదానికి నిజం చెప్పండి. ఫారంలో గడి లేకపోతే మీరే గీయండి. నాకు తెలిసిన మంచి మాట ఇంతే, మిగతాది డాక్టర్లు చెబుతారు.

పోయిన నెల చిగుళ్లు చూపించుకోవడానికి పూజా నేనూ వెళ్లాం. ఇద్దరి నోళ్లూ చూసి డాక్టరమ్మ ఆర్నెల్లకు రమ్మంది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మేమిద్దరమే ఉన్నాం. ఆగస్టు నుంచి అడగాలనుకుంటూ అడగలేకపోయినది అప్పుడు అడిగాను. "ఎందుకు మొదలెట్టినావే? పన్ను నొప్పేటి?"

పూజ సోనారి ఏరోడ్రోం గోడ వచ్చాక చెప్పింది. "ఆప్ ఔర్ దాదీ రోజ్ వహా బైఠ్ కే హస్తే థే. ముఝే కభీ నహీ బులాయా."

మీరిద్దరూ రోజూ అక్కడ కూర్చుని నవ్వుకునేవారు, నన్నెప్పుడూ పిలవలేదు, అని.

నిజమే. అది గుమ్మంలోకి వస్తే, లోపలికి పో, చదువుకో అని తరిమేదాన్ని. దూరంగా ఉంచి కాపాడుతున్నాననుకున్నాను. దాని కుడిచెయ్యి అందుకుని చూపుడువేలు నా ముక్కు దగ్గర పెట్టుకున్నాను. సబ్బు వాసన.

"రోజ్ సూంఘేంగీ?" అంది, రోజూ ఇలా వాసన చూస్తావా అని.

"చూత్తాను."

పూజ తన చెయ్యి లాక్కుంది. నా కుడిచెయ్యి పట్టుకుని, చూపుడువేలు తన ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా ఊపిరి పీల్చింది. నేను ఊపిరి బిగబట్టి దాని ముఖమే చూస్తూ కూర్చున్నాను.